ఆదివారం కలిసే ముందు ఒక్కసారి చదవండి

పాత అమెరికా ఎన్నికల బటన్లు, పోస్టుకార్డులు సేకరించే అందరికీ నమస్కారం. పోయిన నెల ఒక పాత సామాన్ల సంతలో మెకిన్లీ బటన్ కొన్నాను, అంటే అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో పోటీ చేసిన విలియం మెకిన్లీ బొమ్మతో చొక్కాకి పెట్టుకునే ప్రచార బిళ్ల. 1896 ఎన్నికలదే అన్నారు, నమ్మేశాను. ఇంటికొచ్చి లైటు కింద అంచు తిప్పి చూస్తే సన్నటి అక్షరాల్లో 1972 అని ఉంది! ఆ ఏడాది ఒక పెట్రోలు కంపెనీ వేయించిన నకలు అది. ప్రాణం ఉసూరుమంది. 1896 నాటి అసలు బటన్లలో కాగితం మీద అచ్చేసిన బొమ్మపై సెల్యులాయిడ్ (పాతకాలపు పారదర్శక ప్లాస్టిక్) పొర ఉంటుంది. నేరుగా రేకు మీదే అచ్చు కనిపిస్తే కొనకండి. నకళ్ల మీద తయారైన సంవత్సరం వేయాలన్న అమెరికా చట్టం 1973లో గానీ రాలేదు, కాబట్టి అంతకుముందు వాటితో ఇంకా జాగ్రత్త.

పోస్టుకార్డుల సంగతి. అమెరికాలో 1907 మార్చి 1 వరకు కార్డు వెనక చిరునామా తప్ప ఏమీ రాయకూడదు. అందుకే క్షేమసమాచారాలన్నీ బొమ్మ పక్కనే ఇరికించేవాళ్లు. నా దగ్గరున్న అమెరికా అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ కార్డులో ఆయన భుజం పక్కన ఎవరో పెన్సిల్‌తో "అమ్మకి తగ్గింది, శనివారం వస్తాం" అని రాశారు. బొమ్మకంటే ఆ రాతే నాకు ప్రాణం. దయచేసి అలాంటివి రబ్బరుతో చెరపకండి. చెరిపితే శుభ్రపడుతుందని కొందరు అనుకుంటున్నారు, పాడవుతుంది.

కార్డుల్ని, బటన్లని పీవీసీ అనే ప్లాస్టిక్ కవర్లలో పెట్టినవాళ్లు వెంటనే తీసేయండి, పాలిప్రొపిలీన్ అనే వేరే రకం ప్లాస్టిక్‌వి వాడండి. సెల్యులాయిడ్ బటన్లను నీళ్లతో అసలు కడగొద్దు, లోపలి కాగితానికి మరకలు పడతాయి.

ఆదివారం భూతద్దం ఉన్నవాళ్లు తెచ్చుకోండి. నా 1972 బటన్ కూడా తెస్తాను, చేత్తో పట్టుకుని చూద్దురుగాని.