నాణేల సేకర్తల సంఘం – వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

నెలవారీ సమావేశాలూ, బడిపిల్లలకు అణాలు, కానులు చూపించే ప్రదర్శనా ఎప్పటిలాగే జరిగాయి. ఈ ఏడాది మన ఓపికంతా ఒక వినతిపత్రానికే ఖర్చయింది. విజయనగరం సంగీత కళాశాల స్థాపకుడు పూసపాటి విజయరామ గజపతిరాజు పేరిట స్మారక నాణెం విడుదల చేయాలన్నది అందులోని కోరిక.

కొత్త సభ్యుల కోసం కాస్త వెనక్కి వెళ్తాను. రాజుగారి ఆస్థానంలోని చాగంటి జోగారావు గారి అబ్బాయికి చూపు లేదు. ఆ పిల్లవాడికి సంగీతం చెప్పించాలన్న తలంపుతో 1919లో ఆ కళాశాల వెలిసింది. ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి అధ్యక్షులు. విద్యార్థిగా చేరదామని వచ్చిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారి ఫిడేలు విని, ఏకంగా అధ్యాపకుడిగా తీసుకున్నారు. ఘంటసాల, పి.సుశీల అక్కడ నేర్చుకున్నవారే. ద్వారం వారికి 1993లో, ఘంటసాల గారికి 2003లో తపాలా బిళ్ళలు వచ్చాయి. బడి పెట్టిన ఆయన్ని కూడా తలుచుకోవద్దా?

బొమ్మ ఎవరిదన్న దగ్గర పెద్ద రభసే జరిగింది. చిడతలు పట్టిన దాసుగారైతే నాణానికి కళ వస్తుందని కొందరు, స్థాపకుడి నాణెం మీద స్థాపకుడే ఉండాలని మిగిలినవారు. నా ఓటు దాసుగారికే. ఓడిపోయాను, వినతిపత్రంలో రాజుగారే ఉన్నారు.

నమూనాగా 2023లో వచ్చిన ఎన్.టి.రామారావు గారి వంద రూపాయల నాణాన్ని ముందు పెట్టుకున్నాం. 44 మిల్లీమీటర్ల వెడల్పు. సగం వెండి, 40 శాతం రాగి, మిగిలినది నికెల్, జింకు. భూతద్దం చేతులు మారింది. ముద్రించింది మన హైదరాబాద్ టంకశాలే అయినా, బొమ్మ దగ్గర పేరు హిందీలో ఉంది. అందుకే తెలుగులోనూ పేరు చెక్కాలని ప్రత్యేకంగా రాశాం.

ఇలాంటి నాణేలు సాధారణంగా ఏదో ఒక జయంతికో ఉత్సవానికో వస్తాయి. కళాశాల వందేళ్ళ పండుగ 2019లోనే దాటిపోయింది. నూట పాతికేళ్ళంటే 2044. అప్పటిదాకా ఆగితే మనలో సగంమంది గోడమీద ఫొటోల్లో ఉంటాం. కనుక సందర్భం కోసం చూడకుండా పరిశీలించమని అడిగాం. కేంద్ర ఆర్థిక శాఖ గెజెట్ ప్రకటన ఇస్తే గాని ముద్రణ మొదలు కాదు. జవాబు ఇంకా రాలేదు. గుర్తుచేస్తూ మరో ఉత్తరం సిద్ధంగా ఉంది, సంతకాలు కావాలి.

చందా బకాయిలు ఉన్నవారు వచ్చే సమావేశంలో కోశాధికారికి చెల్లించగలరు. భూతద్దం తీసుకెళ్ళినవారు కూడా దయచేసి తెచ్చివ్వాలి.

– కార్యదర్శి