తుఫాను డబ్బులు, తీర్థం డబ్బులు

అంబాజీపేట

అమ్మలూ,

నువ్వు పంపిన డబ్బులు ఈ నెల కూడా ఒకటో తారీఖునే పడ్డాయి. మీ నాన్నగారు మెసేజ్ చూసుకుని మురిసిపోయారు. నాకు మాత్రం మీ అక్క చెప్పిన మాట విన్నప్పటి నుంచి నిద్ర సరిగ్గా పట్టడం లేదు. పన్ను సలుపుతుంటే లవంగం నొక్కిపెట్టుకుని ఆఫీసుకు వెళ్తున్నావట. డాక్టరుకు చూపించుకోవే అంటే, నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో వేసే సిప్ కట్టేశాక ఈ నెల ఏమీ మిగల్లేదు అన్నావట. ఫోనులో చెబితే ‘సరేలే అమ్మా’ అని పెట్టేస్తావు. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

ఈ పొదుపు నీకు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. నువ్వు అప్పటికి పుట్టలేదు. 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుఫానుకు మన తోటలో నిలబడ్డ చెట్ల కన్నా పడ్డవే ఎక్కువ. తెల్లారి దొడ్డి గుమ్మంలోకి వచ్చి చూస్తే, ఎప్పుడూ కనబడని అవతలి ఊరి గుడి కనబడింది. కోనసీమంతా అదే గతి. దేశవాళీ కొబ్బరి మొక్క మళ్ళీ వేస్తే కాపుకు రావడానికి ఆరేడేళ్ళు పడుతుంది. అన్నాళ్ళూ అరటి గెలలూ కందా అమ్ముకుని బతికాం. ఆకులోంచి ఈనెలు చీరి చీపుళ్ళు కట్టాం, డొక్కలతో వంట చేశాం. దేన్నీ పారేయలేదు. నువ్వు పెరిగింది ఆ అలవాట్లలోనే. అందుకు నాకు గర్వమే తప్ప బాధ లేదు.

కానీ తల్లీ, అంత గడ్డు రోజుల్లో కూడా మేము ఒక పని మానలేదు. కొబ్బరికాయల దింపు డబ్బులు వచ్చిన రోజు మీ నాన్నగారు మంచం మీద పరిచి విడదీసేవారు. దింపు కూలి, ఒలుపు కూలి, ఎరువుల కొట్టు, సొసైటీ బాకీ, చీటీ. అన్నీ పోగా ఆఖర్న పల్చటి కట్ట ఒకటి నా వైపు జరిపేవారు. అవి తీర్థం డబ్బులు, అంటే జాతరలో సరదాగా ఖర్చు పెట్టుకోవడానికి. చీటీ ఒక నెల ఆలస్యమైనా ఊరుకునేవారు గానీ వాటిని మాత్రం వేరే ఖర్చుకు ముట్టుకోనిచ్చేవారు కాదు. కనుమ నాడు జగ్గన్నతోట తీర్థంలో నాన్నగారి భుజం మీద కూర్చుని ‘అశ్శరభ శరభ’ అని గొంతు పోయేలా అరిచావే, గంగలకుర్రు అగ్రహారం వాళ్ళు భుజాల మీద మోసుకొచ్చే ప్రభ కౌశిక ఏరు దాటుతుంటే నీళ్ళలోకి దిగుతానని గొడవ చేశావే, ఆ రోజు నీ చేతికి గాజులూ, నీ చేతిలో జీళ్ళ పొట్లమూ వచ్చింది ఆ కట్టలోంచే. మిగతా కట్టలు దేనికి ఖర్చయ్యాయో నాకిప్పుడు గుర్తు లేదు.

మన వైపు పుస్తెలమ్మైనా పులస తినాలంటారు. నేను ఆ మాట ఒప్పుకోను. పుస్తెలూ ఉండాలి, పులసా తినాలి. గోదావరికి ఎర్రనీరు వచ్చినప్పుడే ఆ చేప సముద్రంలోంచి ఎదురీదుకుంటూ వస్తుంది. వరద తీసిందంటే మళ్ళీ ఏడాది దాకా దాని ఊసే ఉండదు. ధర వేలల్లో పలుకుతుంది. అందుకని మన వీధిలో నాలుగిళ్ళ వాళ్ళం కలిసి ఒక చేప తీసుకుంటాం. మట్టి దాకలో, కట్టెల పొయ్యి మీద, సన్న సెగన పులుసు పెట్టి, అందులో లేత బెండకాయలు వేసి, దించే ముందు ఆవకాయ మీద తేరిన నూనె రెండు గరిటెలు పోస్తాను. ఆ పూటే తినేయకుండా మర్నాటిదాకా ఆగాలి, అప్పుడే ముక్కకు పులుసు పడుతుంది. ఇంటికి వచ్చేది రెండేసి ముక్కలే. అయినా ఏ ఏడూ మానలేదు, దానికోసం ఒక్క రూపాయి అప్పూ చేయలేదు.

అప్పు చేసి సరదాలు చేయమని నేను ఛస్తే చెప్పను. కార్డు మీద కొనేసి మినిమం కట్టుకుంటూ పోతే నూటికి నెలకు మూడు రూపాయలకు పైనే వడ్డీ పడుతుందట. మన ఊళ్ళో రెండు రూపాయల వడ్డీ అంటేనే జనం భయపడతారు. ఆ దారిన నువ్వు పోవు, నాకా టెన్షన్ లేదు.

నేను చెప్పేది ఇదీ. ఆరు నెలల ఖర్చుకు సరిపడా డబ్బు బ్యాంకులో విడిగా వేసుకో. ఐదు లక్షల దాకా డిపాజిట్‌కు బీమా ఉంటుంది. అవి నీ తుఫాను డబ్బులు, వాటి జోలికి పోకు. బేసిక్ జీతంలో 12 శాతం ఎలాగూ పీఎఫ్‌కు పోతోంది, కంపెనీ వాటా వేరే. మాకు దింపు దిగి, బేరం తెగేదాకా చేతికెంత వస్తుందో తెలిసేది కాదు. నీకు నెల తిరిగేసరికి జీతం పడుతుంది. మాకున్నంత భయం నీకు అక్కర్లేదు. సిప్ కొంచెం తగ్గించుకుని, తీర్థం డబ్బులని రాసుకుని ఓ మూల పెట్టుకో. వాటిని ఖర్చు పెట్టాల్సిందే, మళ్ళీ పొదుపులో కలపకూడదు.

పన్ను సంగతి ఇందులోకి రాదు, అది సరదా కాదు కదా! పుచ్చు చిన్నగా ఉన్నప్పుడు వెళ్తే సిమెంటు పెట్టి పంపిస్తారు. నరం దాకా పోయిందంటే రూట్ కెనాలూ, పైన క్యాపూ. ఇవాళ మిగిల్చావనుకున్నదానికి ఎన్నో రెట్లు అప్పుడు పోస్తావు. ఒంటికి కోత పెట్టి కూడబెట్టేదాన్ని నేను పొదుపు అనను.

ఇంకో మాట. మొన్న సంక్రాంతికి ప్రైవేటు బస్సు రేటు చూసి రావడం మానుకున్నావు. మామ్మ నాలుగు రోజులు అరుగు మీదే కూర్చుంది. 2015 పుష్కరాలకు కోటిపల్లి రేవులో నా చెయ్యి పట్టుకుని తనే మెట్లు దిగి మునిగింది. మళ్ళీ 2027 పుష్కరాలకు అలా దిగగలనో లేదో అంటోంది. నీతో కలిసి ఓసారి అంతర్వేది వెళ్ళి, గోదావరి సముద్రంలో కలిసేచోట కాసేపు కూర్చోవాలట. నన్ను రమ్మనలేదు, నిన్నే అడుగుతోంది.

రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు కదా, ఆ రోజు పొద్దున్నే చేసుకుంటే బస్సు వాళ్ళకు అంతంత పోయనక్కర్లేదు. ఆగస్టులో నాలుగు రోజులు సెలవు పెట్టు. రాజమండ్రిలో దిగితే నాన్నగారు వస్తారు. తేదీ ముందే చెబితే పులస వాటాలో నీకు రెండు ముక్కలు ఎక్కువ చెప్పి ఉంచుతాను. వచ్చే నెల మాకు పంపే డబ్బులు పంటికి వాడుకో. దింపు మొన్ననే అయింది, మాకు ఇబ్బంది లేదు.

ఇట్లు,
అమ్మ