మన స్కౌట్ దళం వార్షిక నివేదిక, 2023–24: లాగ్ బుక్కుల్లో దొరికిన చరిత్ర

సంఘ సభ్యులందరికీ నమస్కారం.

2023 ఏప్రిల్ నుంచి 2024 మార్చి దాకా మన సంఘం చేసిన పనుల నివేదిక ఇది. ఎప్పటిలాగే ఆదివారం మీటింగులు, హైక్‌లు, సోపాన్ టెస్టులు (స్కౌట్లు మెట్టు తర్వాత మెట్టు దాటే పరీక్షలు) జరిగాయి. వాటి గురించి తక్కువే రాస్తున్నాను. ఈ ఏడాది మనం ఎక్కువ శ్రద్ధ పెట్టిన పని దళం చరిత్రను పోగుచేయడం. తొలి బ్యాచ్ వాళ్లు ఒక్కొక్కరే దూరమవుతున్నారు, ఉన్నవాళ్లు ఉండగానే అడిగి రాసుకుందామని పోయిన సర్వసభ్య సమావేశంలో అనుకున్నాం కదా, ఆ పని మొదలైంది.

ముందుగా ఆఫీసు బీరువా తెరిచాం. రిజిస్ట్రేషన్ రసీదులు, సర్టిఫికెట్ల జిరాక్సులు, జిల్లా సంఘానికి రాసిన ఉత్తరాలు బయటపడ్డాయి. వాటితో తెలిసింది కొంచెమే. పైగా కాగితాల మీద మన జిల్లా పేరే మారుతూ వచ్చింది. 2016 అక్టోబర్ 11 దాకా వరంగల్, ఆ తర్వాత వరంగల్ అర్బన్, 2021 నుంచి హనుమకొండ. కొత్తగా వచ్చే కార్యదర్శులు పాత ఫైళ్లు వెతికేటప్పుడు ఇది గుర్తుపెట్టుకోవాలి, లేకపోతే సగం కాగితాలు దొరకవు.

అసలు చరిత్ర సభ్యుల ఇళ్లలో ఉంది. సజ్జల మీద, పెట్టెల అడుగున, పాత పాఠ్యపుస్తకాల మధ్య పెట్రోల్ లాగ్ బుక్కులు దొరికాయి. పెట్రోల్ అంటే దళంలోని చిన్న జట్టు, లాగ్ బుక్ అంటే ఆ జట్టు రాసుకునే రోజువారీ పుస్తకం. పదకొండు, పన్నెండేళ్ల పిల్లలు ఇంకు పెన్నుతో రాసినవి. ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు, ఏ ముడి నేర్చుకున్నారు, ఎవరి స్కార్ఫ్ ఎవరు పారేశారు, అన్నం మాడితే ఆ రోజు వంట ఎవరిది, అన్నీ ఉన్నాయి.

పిల్లలకు టెస్టులో అడిగే పెద్ద చరిత్రను మనం కూడా ఒకసారి చెప్పుకోవాలి, ఎందుకంటే మన దళం కథ అందులోంచే వచ్చింది. 1907 ఆగస్టులో స్కౌటింగ్‌కు ఆద్యుడైన బేడెన్ పావెల్ ఇంగ్లండ్‌లోని బ్రౌన్‌సీ దీవిలో ఇరవై మంది పిల్లలతో క్యాంపు పెట్టాడు. పెద్దింటి పిల్లలు, కూలి ఇళ్ల పిల్లలు ఒకే గుడారంలో పడుకున్నారు. రెండేళ్లకే స్కౌటింగ్ మన దేశానికి వచ్చింది గాని, అప్పట్లో అది తెల్లవాళ్ల పిల్లలకు, ఆంగ్లో ఇండియన్ పిల్లలకే. మన పిల్లలకు అందులో చోటు లేదు. ఆ తలుపు తెరిచింది ఇక్కడ పనిచేసినవాళ్లే. 1916లో మద్రాసులో అనీబిసెంట్ భారతీయ పిల్లల కోసం వేరే సంఘం పెట్టింది. ఉత్తరాదిలో మదన్ మోహన్ మాలవీయ, హృదయనాథ్ కుంజ్రూ, శ్రీరామ్ బాజ్‌పాయ్ సేవా సమితి స్కౌట్లను నడిపారు. స్వాతంత్ర్యం వచ్చాక ఈ సంఘాలు 1950 నవంబర్ 7న భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్‌గా ఒక్కటయ్యాయి. మరుసటి ఏడాది ఆగస్టు 15న గైడ్లు, అంటే ఆడపిల్లల విభాగం, కూడా కలిశారు. ఏటా నవంబర్ 7న మనం జెండా ఎగరేసేది అందుకే.

మన దళం ఆ కలయిక తర్వాతి తరంలో పుట్టింది. ఏ బడికీ చెందని ఓపెన్ గ్రూప్ కావడం దాని ప్రత్యేకత. హనుమకొండ బడుల పిల్లలు, కాజీపేట రైల్వే క్వార్టర్ల పిల్లలు, చుట్టుపక్కల ఊళ్ల నుంచి చదువుకోవడానికి వచ్చి హాస్టల్‌లో ఉన్న పిల్లలు ఒకే పెట్రోల్‌లో ఉండేవారు. తొలి స్కౌట్ మాస్టర్ ఒక బడిలో డ్రిల్ సార్. ఆయన పిల్లల్ని పెట్రోల్‌లుగా పంచి, ఒక్కో దానికి ఒక లీడర్‌ని పెట్టి, తాను పక్కకు జరిగేవారట. ఈ మాట తొలి బ్యాచ్‌లో మేం కలిసినవాళ్లంతా చెప్పారు.

దాని విలువ లాగ్ బుక్కుల్లోనే కనబడింది. సార్ బదిలీ అయి వెళ్లిపోయాక చాలాకాలం మన దళానికి స్కౌట్ మాస్టర్ లేడు. జిల్లా కాగితాల్లో ఆ కాలం ఖాళీ. మన పేరే లేదు. కానీ లాగ్ బుక్కులు ఆగలేదు. ఆదివారం మీటింగ్ జరిగింది, జెండా ఎగిరింది, క్లోవ్ హిచ్, బోలైన్ ముడులు చిన్నవాళ్లకు నేర్పారు, హాజరు రాశారు. పెట్రోల్ లీడర్లు కూర్చుని కోర్ట్ ఆఫ్ ఆనర్ (లీడర్లు కలిసి నిర్ణయాలు తీసుకునే సమావేశం) పెట్టుకుని, తదుపరి హైక్ పద్మాక్షి గుట్టకా, కోటకా అని తేల్చుకున్నారు. పెద్దవాడు కాలేజీకి వెళ్లిపోతే పుస్తకం తర్వాతివాడి చేతికి వచ్చింది, చేతిరాత మారింది, అంతే. ఆ పిల్లల్లో ఒకరు ఉద్యోగం వచ్చాక తిరిగి వచ్చి స్కౌట్ మాస్టర్ అయ్యారు. మన దళం ఈరోజు ఉందంటే ఆ ఖాళీ ఏళ్లను మోసిన పద్నాలుగేళ్ల పిల్లల వల్లే. ఈ చరిత్రలో నాకు అన్నిటికంటే గొప్పగా అనిపించింది ఇదే.

పాఖాల క్యాంపు గురించి రెండు పెట్రోల్‌లు రెండు రకాలుగా రాశాయి. రాత్రి వానకు గుడారాలు కూలాయని ఒకరు, తాళ్లు సరిగ్గా కట్టక కూలాయని ఇంకొకరు. ఆ క్యాంపుకు వెళ్లిన అన్నలు ఇప్పటికీ దానిమీద వాదించుకుంటారు. మేం తెస్తున్న దళం చరిత్ర పుస్తకంలో రెండూ ఉంచుతున్నాం.

గైడ్ల విషయం కూడా ఉన్నదున్నట్టు రాయాలి. ప్రపంచంలో గైడింగ్ 1910లోనే మొదలైంది. మన దగ్గర ఆడపిల్లల కంపెనీ చాలా ఆలస్యంగా వచ్చింది. ఇళ్లల్లో ఒప్పుకోలేదని అప్పటి పెద్దలు చెబుతారు. తొలి గైడ్లలో కొందరిని కలిస్తే, అసలు తమ ఇంటికి వచ్చి ఎవరూ అడగనే లేదని అన్నారు. వాళ్ల మాటల కోసం పుస్తకంలో విడిగా ఒక భాగం పెట్టాం. ఇప్పుడు గైడ్ కెప్టెన్లుగా ఉన్న అక్కలే దాన్ని రాస్తున్నారు.

ఇక ఈ ఏడాది సేవ. 2023 జూలై చివరి వానలు మనం మరచిపోలేం. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 64 సెంటీమీటర్లకు పైగా కురిసింది, మోరంచపల్లి నీళ్లల్లో మునిగింది. మన దగ్గర నయీంనగర్ నాలా, హంటర్ రోడ్డు వైపు కాలనీలు మునిగాయి. భద్రకాళి చెరువు కట్టకు గండి పడ్డప్పుడు ఊరంతా టెన్షన్. చిన్న పిల్లల్ని నీళ్ల దగ్గరికి పంపకూడదని మొదటి గంటలోనే నిర్ణయించాం. రోవర్లు, అంటే పెద్ద వయసు స్కౌట్లు, అన్నం పొట్లాలు, మంచినీళ్లు మోశారు. స్కౌట్లు, గైడ్లు పొట్లాలు కట్టారు, ఏ ఇంట్లో ముసలివాళ్లు ఉన్నారో, ఎవరికి మందులు కావాలో లిస్టు రాశారు. ఆ లిస్టే ఎక్కువ పనికొచ్చింది.

2024 ఫిబ్రవరి 21 నుంచి 24 దాకా మేడారం జాతర. సమ్మక్క తల్లి చిలుకలగుట్ట దిగి గద్దె మీదికి వచ్చింది 22వ తేదీ గురువారం. స్కౌట్లు ప్రపంచమంతా బేడెన్ పావెల్ పుట్టినరోజుగా జరుపుకునే రోజు కూడా అదే. మన రోవర్లు, రేంజర్లు (పెద్ద వయసు గైడ్లు) ఆ రోజు జంపన్న వాగు దగ్గర, తప్పిపోయినవాళ్ల శిబిరం దగ్గర నిలబడ్డారు. తప్పిపోయిన పిల్లల కంటే, పిల్లల్ని వెతుకుతూ వచ్చిన అవ్వల్ని ఊరుకోబెట్టడమే కష్టమైందట. హనుమకొండలో మీటింగ్ పెట్టి ఉపన్యాసాలు వినడం కన్నా ఆ పుట్టినరోజు అలా జరగడమే నాకు సబబుగా తోచింది.

వేసవి క్యాంపు పద్ధతి మారుస్తున్నాం. 2023 ఆగస్టులో దక్షిణ కొరియాలో ప్రపంచ జాంబోరీకి వెళ్లిన పిల్లలు ఎండకు సొమ్మసిల్లారు, తర్వాత తుపాను భయంతో క్యాంపు ఖాళీ చేయించాల్సి వచ్చింది. మన మే నెల ఎండలు మనకు తెలియనివి కావు. ఇకమీదట పెద్ద క్యాంపు డిసెంబర్‌లోనే. కొంతమంది తల్లిదండ్రులకు సెలవుల ఇబ్బంది ఉంటుంది, అయినా ఇందులో రాజీ లేదు.

రాజ్య పురస్కార్, రాష్ట్రపతి స్కౌట్ అవార్డుల కోసం, ఆ తర్వాత రైల్వే స్కౌట్ కోటా ఉద్యోగం కోసం చేరే పిల్లలు పెరుగుతున్నారు. కాజీపేట పక్కన ఉన్న ఊరికి అది సహజం. ఉద్యోగం ఆశించడం తప్పు కాదు. కానీ ప్రవేశ్ నుంచి తృతీయ సోపాన్ దాకా మెట్లెక్కకుండా సర్టిఫికెట్ అడిగితే ఇవ్వం. కార్యవర్గం దీనిమీద ఏకాభిప్రాయంతో ఉంది.

జమాఖర్చుల పట్టిక ఆడిట్ చేయించి విడిగా జతచేశాం. చందా బాకీ ఉన్నవాళ్లు దయచేసి కోశాధికారి గారిని కలవండి.

వచ్చే ఏడాదికి కార్యవర్గం మూడు ప్రతిపాదనలు పెడుతోంది. ప్రతి పెట్రోల్‌కు మళ్లీ చేతిరాత లాగ్ బుక్. ఫోన్‌లో ఫొటోలు తీసుకోవచ్చు, కానీ పుస్తకం పిల్లలే రాయాలి. నెలకోసారి కోర్ట్ ఆఫ్ ఆనర్, అందులో పెద్దలు పిలిస్తేనే మాట్లాడాలి. చరిత్ర పుస్తకం నవంబర్ 7కు అచ్చుకు వెళ్లాలి. పాత లాగ్ బుక్కులు, క్యాంపు ఫొటోలు, స్కార్ఫ్‌లు ఎవరింట్లో ఉన్నా ఆదివారం ఉదయం గ్రౌండ్‌కు తెండి. స్కాన్ చేసి అదే రోజు తిరిగి ఇచ్చేస్తాం. తొలి బ్యాచ్ పెద్దలు రాలేని స్థితిలో ఉంటే కబురు చేయండి, మన పెట్రోల్ లీడర్లే ఇంటికి వస్తారు.

– కార్యదర్శి