గ్రాఫులో గళ్లు లెక్కపెడితే వాలు రాదు

అయ్యా,

పదో తరగతి లెక్కల్లో గ్రాఫు ఒక తంతుగా మారింది. ఎక్స్‌కు మూడు విలువలిచ్చి పట్టిక వేయడం, బిందువులు పెట్టి గీత కలపడం, పైమూల స్కేలు రాయడం. మార్కులు పడిపోతాయి. ఆ గీతనే చూపించి దీని వాలెంత, అంటే ఎక్స్ ఒకటి పెరిగితే వై ఎంత మారుతుంది అని అడిగితే మాత్రం పిల్లలు గళ్లు లెక్కపెట్టడం మొదలుపెడతారు.

మేడ మీది నీళ్ల ట్యాంకునే తీసుకోండి. మోటారు వేసేసరికి అందులో 200 లీటర్లున్నాయి, నిమిషానికి 40 లీటర్లు ఎక్కుతున్నాయి. ఎక్స్ నిమిషాలకు ట్యాంకులో వై లీటర్లు ఉంటాయనుకుంటే సమీకరణం వై = 40ఎక్స్ + 200. ముందే ఉన్న 200 అంతరఖండం, అంటే గీత వై అక్షాన్ని తాకే చోటు. నిమిషానికి పెరిగే 40 వాలు. అడ్డంగా 1 సెం.మీ.కు 1 నిమిషం, నిలువుగా 1 సెం.మీ.కు 100 లీటర్లు స్కేలు అనుకుందాం. గీత 5 సెం.మీ. కుడికి జరిగేలోపు 2 సెం.మీ. పైకెక్కుతుంది. వెంటనే 2/5 అని రాసేస్తారు. నిజానికి ఎక్కింది 200 లీటర్లు, గడిచింది 5 నిమిషాలు. భాగిస్తే 40. స్కేలు రాయించేది ఇందుకే! అక్షాల స్కేళ్లు వేరైనప్పుడు కోణమానినితో గీత కోణం కొలిచి దాని టాన్ విలువనే (ఎత్తును అడ్డు దూరంతో భాగిస్తే వచ్చేది) వాలు అనుకున్నా ఇదే పొరపాటు. వై అక్షాన్ని సున్నా నుంచి కాక 200 నుంచి మొదలుపెడితే ఇంకో చిక్కు: గీత మూలబిందువు నుంచే బయల్దేరినట్టు కనబడి, అంతరఖండం సున్నా అనేస్తారు.

2ఎక్స్ + 3వై = 12 ఇస్తే వాలు 2, అంతరఖండం 12 అనేవాళ్లు ప్రతి తరగతిలోనూ ఉంటారు. ముందు వైని ఒంటరి చేయాలి: వై = −(2/3)ఎక్స్ + 4. ఇక పట్టికతో పనిలేదు. (0, 4) దగ్గర పెన్సిల్ పెట్టి 3 కుడికి, 2 కిందికి వెళ్తే (3, 2). మళ్లీ అలాగే వెళ్తే (6, 0). రుణ గుర్తు మరిచిపోతే గీత పైకి లేస్తుంది, తప్పు అక్కడే తెలిసిపోతుంది. ఎక్స్ = 3 లాంటి నిలువు గీతకు వాలు సున్నా అని రాయడమూ మామూలే. అక్కడ ఎక్స్‌ల తేడా సున్నా, దానితో భాగించలేం కనుక వాలు నిర్వచితం కాదు. సున్నా వాలు ఉండేది వై = 3 లాంటి అడ్డగీతకు.

ప్రశ్నపత్రాలు తయారుచేసేవారికి మా విన్నపం ఒకటే. సమీకరణం ఇచ్చి గీత గీయమనడంతో ఆపకండి. రెండు అక్షాలకూ వేర్వేరు స్కేళ్లతో గీసిన గీత ఇచ్చి సమీకరణం రాయమనండి. పరీక్షలో రానిది తరగతిలో చెప్పడానికి బడులకు తీరిక దొరకడం లేదు.

— గణిత ఉపాధ్యాయులు