ముందు మీ బడి మొక్కలు లెక్కపెట్టు, బిడ్డా

జన్నారం,
ఫిబ్రవరి నెల

చిరంజీవి చిట్టికి బాపు ఆశీస్సులు.

మొన్న ఫోన్లో నువ్వు అడిగినదానికి అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాను. "ఎకో క్లబ్ నా నెత్తిన పెట్టారు బాపూ, ఎనిమిదో తరగతి పిల్లలకు అడవి గురించి ఏం చెప్పాలి?" అన్నావు. ఫారెస్టు ఉద్యోగంలో ముప్ఫై ఏళ్లు ఆ జంగల్లోనే తిరిగినోణ్ని, నోట మాట రాలేదు. మీ అమ్మ నవ్వింది కూడా. రాత్రి పడుకున్నాక ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఫోన్లో చెబితే సగం మరిచిపోతావని రాస్తున్నాను.

చెట్లు ఆక్సిజన్ ఇస్తాయని మాత్రం మొదలుపెట్టకు. అది వాళ్లు మూడో తరగతిలోనే రాసి మార్కులు తెచ్చుకున్నారు. ముందు పిల్లల్ని మీ బడి ఆవరణలోకే తీసుకెళ్లు. పోయిన జులైలో వనమహోత్సవం నాడు రెండు వందల మొక్కలు నాటామని ఫొటోలు పంపావు కదా. అందులో ఎన్ని బతికున్నాయో లెక్కపెట్టించు. చచ్చినది ఎందుకు చచ్చిందో పక్కన రాయించు: మేక తిన్నదా, నీళ్లందలేదా, గుంత తవ్వకుండానే నాటారా. కె.ఎం. మున్షీ 1950లో మొదలుపెట్టిన పండగ అది. నాటడం ఏటా చేస్తున్నాం, మళ్లీ వెళ్లి చూసేవాళ్లే తక్కువ.

నేనూ ఆ తప్పు చేసినవాణ్నే. ఉద్యోగంలో చేరిన కొత్తలో టేకు ప్లాంటేషన్ వేయించాను. గడ్డపారతో బొక్క పొడిచి టేకు స్టంపులు, అంటే పైనా కిందా కత్తిరించిన నారు వేళ్లు, దించుతారు. రెండు మీటర్లకొకటి చొప్పున హెక్టారుకు 2,500. రిజిస్టర్లో ఆ అంకె అందంగా రాసి సంతకం పెట్టాను. మరుసటేడు అటు వెళ్తే గడ్డిలో టేకు వెతుక్కోవాల్సి వచ్చింది. మీ హెడ్మాస్టర్ సారుకు ఈ లెక్క నచ్చకపోవచ్చు. టెన్షన్ పడకు, బోర్డు మీద పెట్టకుండా పిల్లల నోటుబుక్కుల్లోనే ఉంచు.

తర్వాత ఒక పాలడబ్బా అడుగు కోసేసి, గ్రౌండులో రెండంగుళాలు నేలలోకి దిగగొట్టించు. అర లీటరు నీళ్లు పోసి, ఇంకడానికి ఎంతసేపు పడుతుందో గడియారం చూడమను. అదే డబ్బాను ఆకు బాగా రాలి కుళ్లిన చెట్ల కింద పెట్టి మళ్లీ పోయండి. అక్కడ తొందరగా ఇంకుతుంది. అలా నేలలోకి దిగిన నీళ్లే మెల్లగా వాగులోకి ఊరుతాయి కాబట్టి, వాగు ఎండాకాలంలో కూడా ఎందుకు పారుతుందో నువ్వు విడిగా చెప్పే పనుండదు.

టేకు మోడు ఒకటి దొరికితే వలయాలు లెక్కపెట్టించు. అందుకు టేకే కావాలి, వేప, చింత మోడుల మీద అంత తేటగా కనబడవు. లెక్కల సారును కూడా వెంట తీసుకెళ్లు. మా కలప లెక్క పిల్లలకు భలే నచ్చుతుంది: దుంగ చుట్టుకొలతను నాలుగుతో భాగించి, వచ్చినదాన్ని దానితోనే గుణించి, పొడవుతో మళ్లీ గుణించాలి. నాలుగడుగుల చుట్టుకొలత, పది అడుగుల పొడవున్న దుంగ అయితే పది ఘనపుటడుగులు. వడ్రంగి నోట అదే 'పది సీఎఫ్‌టీ'. వాళ్ల పుస్తకంలోని స్థూపం (సిలిండర్) సూత్రంతో చేస్తే అదే దుంగ దాదాపు 12.7 వస్తుంది. ఆ రెండున్నర పైచిలుకు ఎటు పోయిందని అడుగు. కోతలో పొట్టూ చెక్కలూ కింద పోయేదాన్ని ముందే తీసేసి కట్టే లెక్క అది. ఎవరైనా పిల్ల సొంతంగా ఆ జవాబు చెబితే నాకు ఫోన్ చెయ్యి.

చెట్టు కొట్టడమే పాపమని పిల్లలకు ఎవరో నూరిపోస్తారు. ఇందాకటి 2,500 టేకులూ బతికాయే అనుకో, అన్నింటినీ అలాగే వదిలేస్తే కంక బొంగుల్లా సన్నగా పైకి సాగుతాయి తప్ప లావెక్కవు. మొదట వరుస విడిచి వరుస తీసేస్తాం, ఆ తర్వాత వంకర టింకరవి. చివరికి హెక్టారుకు రెండు మూడు వందలు కూడా మిగలవు. ఫారెస్టు వాడే గొడ్డలి పట్టుకుంటాడంటే పిల్లలు నోరెళ్లబెడతారు, చూడు.

ఇక అసలు సంగతి. వచ్చే నెలలో ఇప్పపువ్వు రాలుతుంది, అప్పటికల్లా ఒక ఆదివారం పెట్టుకో.

నాకు పాతికేళ్లప్పుడు మా బీట్లో, అంటే నేను కాపలా కాసే అడవి ముక్కలో, మంటలు లేచాయి. కాలిన దారి పట్టుకుని వెనక్కి పోతే ఒక ఇప్పచెట్టు మొదట్లో తేలాను. గంప పట్టుకుని ఒక అవ్వ పువ్వు ఏరుతోంది. ఎగిరాను, కేసు పెడతానన్నాను. ఆమె తల కూడా ఎత్తలేదు. "ఆకుల పడ్డ పువ్వు కండ్లకు కనబడ్తదా సారూ? ఊడ్వాలంటవా? ఒక్కపారి నువ్వు ఊడ్చి చూడు" అంది.

రోషమొచ్చి మర్నాడు చీకటితోనే చీపురు పట్టుకుని వెళ్లాను. పువ్వు తెల్లవారుజామునే రాలుతుంది కదా, ఆలోపే నేల శుభ్రం చేయాలని. పిక్కల దాకా ఆకు. ఊడ్చినచోటే మళ్లీ గాలికి వచ్చి పడేది. రెండు చెట్ల కింద ఊడ్చేసరికి నడుం పట్టేసింది, పొద్దెక్కింది. నిప్పు పెడితే అదే పని క్షణాల్లో అయిపోతుంది. ఆమె ఎందుకు పెట్టిందో అప్పుడర్థమైంది. అయితే ఊడ్చిన నేల మీద పువ్వు ఎంత తొందరగా ఏరొచ్చో, ఎంత శుభ్రంగా ఉంటుందో కూడా కనబడింది. ఆ మరుసటేడు నుంచి మా వన సంరక్షణ సమితి వాళ్లు ఫిబ్రవరిలోనే నలుగురేసి కలిసి చెట్ల కింద ఊడ్చేవాళ్లు. మంటలు ఆగిపోయాయని చెప్పను, తగ్గాయి.

పిల్లల చేత ఒక్క ఇప్పచెట్టు కిందైనా ఊడ్పించు. నిప్పు పెట్టొద్దని ఆ పని అయ్యేదాకా అనకు. ఊడ్చాక చుట్టూ చూడమను, పెద్దచెట్టు కింద పిల్లమొక్క ఒక్కటైనా ఉందా అని. చాలాచోట్ల ఉండదు. పువ్వు మనమే ఏరుకుంటాం, గింజ నూనెకు పోతుంది, ఎలాగో మొలిచింది మంటలో పోతుంది. ఆ ఒక్క ప్రశ్న పట్టుకుని రోజంతా తిరగొచ్చు. మొర్రిచెట్టు (సారపప్పు చెట్టు) దగ్గర కూడా అదే అడుగు. పండు పండకముందే కొమ్మలు నరికి దులిపితే గింజ నేల మీద పడేదెప్పుడు? వెదురు పొద దగ్గర మాత్రం ఈ యేటి పిలకలేవో, పాత బొంగులేవో గుర్తుపట్టించు. కొత్తవి వదిలేసి పాతవి కోస్తేనే పొద నిలుస్తుంది.

నీ క్లాసులో గోండు, కొలాం పిల్లలున్నారన్నావు. ఆ రోజు వాళ్లను ముందు నడవనివ్వు, నువ్వు వెనకుండి రాసుకో. వాళ్ల అమ్మలు ఏప్రిల్, మే ఎండల్లో బీడీలు చుట్టే తునికాకు కోస్తారు. యాభై ఆకులకొక కట్ట, వెయ్యి కట్టలకొక స్టాండర్డ్ బ్యాగు. అంటే యాభై వేల ఆకులు, ఒక్కొక్కటీ చేత్తో తెంపాలి. ఆ ఇంటి పిల్లాడు కల్లం దగ్గర కట్టలు ఎలా ఎండబెడతారో చెబుతుంటే మిగతావాళ్లు వినాలి. 2006 అటవీ హక్కుల చట్టం కూడా ఆ మాటల్లోనే చెప్పు. తునికాకు, ఇప్పపువ్వు, వెదురు మీద అక్కడివాళ్లకు హక్కు ఉందని అందులో రాశారు. నేను అవ్వ మీద అరిచిననాటికి అది లేదు. ఉన్నా నేను అరిచేవాణ్నేమో, యూనిఫాం కొత్త కదా.

ముందుగా రేంజ్ ఆఫీసులో అనుమతి కాగితం తీసుకో. ఇది టైగర్ రిజర్వ్, పులుల కోసం విడిచిన లోపలి కోర్‌లోకి వద్దు. ఎవరైనా ఈ అడవుల చదువు ఎక్కడ చెబుతారని అడిగితే ములుగు ఫారెస్ట్ కాలేజీ పేరు చెప్పు. మేడారం ఉన్న ములుగు అనుకుంటారు, ఇది సిద్దిపేట జిల్లాది.

అటక మీద నా పాత కొలత టేపు, మీ తాత దాచిన చిల్లగింజలు దొరికాయి. బురదనీళ్లకుండ లోపలి వైపు గింజ అరగదీస్తే మడ్డి అడుక్కి దిగి నీళ్లు తేటపడతాయి, పిల్లలకు చూపిద్దువు. శనివారం పొద్దున బస్సుకు తీసుకొస్తాను. చీపుళ్లు మాత్రం నువ్వే కొను, ఈతవి వద్దు, పొడుగు పుల్లలవి, పదైనా కావాలి.

మీ బాపు