బ్యాంకాక్, ఫుకెట్ వచ్చేవాళ్లకు

అందరికీ నమస్కారం. పాస్‌పోర్టుకి కనీసం ఆరు నెలల గడువు ఉందో లేదో ఈరోజే చూసుకోండి.

బ్యాంకాక్‌లో గ్రాండ్ ప్యాలెస్‌కి ఎండ ముదరకముందే వెళ్దాం. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు తప్పనిసరి. దగ్గర్లోనే వాట్ ఫో గుడి, అందులో 46 మీటర్ల శయన బుద్ధుడు. గుంటూరువాళ్లం, అమరావతి శిల్పాలు చూసి పెరిగినవాళ్లం, అక్కడ మాత్రం తొందరపెట్టకండి. షాపింగ్ సాయంత్రం చేసుకోవచ్చు. పడవలో నది దాటితే వాట్ అరుణ్ గుడి.

ఫుకెట్ గురించి గట్టిగా చెబుతున్నా. మనం వెళ్లేది సెప్టెంబరులో, వానాకాలం. పడమటి తీరంలో అలలు లోపలికి లాగేస్తాయి. ఎర్ర జెండా ఉంటే నీళ్లలోకి దిగొద్దు. కృష్ణలో ఈత కొట్టినవాళ్లమే కదా అనుకోవద్దు బాబాయ్, మీకే చెబుతున్నా! పిల్లల చెయ్యి వదలొద్దు.

ఎవరెవరు వస్తున్నారో ఆదివారంలోపు చెప్పండి, టికెట్లు చూస్తాను.