మందు ఇచ్చినట్టా, వేసుకున్నట్టా?

సంపాదకులు గారికి,

క్షయ రోగుల్లో ఇంత శాతం మంది చికిత్స పూర్తి చేశారని ప్రకటన వెలువడినప్పుడల్లా పత్రికలన్నీ ఆ అంకెను ప్రచురిస్తాయి గానీ, దేన్ని కొలిస్తే ఆ అంకె వచ్చిందో ఎవరూ రాయరు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఫార్మసిస్టుగా చాలా ఏళ్లు ఈ మందులు ఇచ్చినవాణ్ణి కాబట్టి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. మేం రిజిస్టరులో రాసేది మందు ఇచ్చిన తేదీ. రోగి ఆ మాత్రలు మింగాడా లేదా అన్నది ఇంకో సంగతి.

మామూలు క్షయకు ఆరు నెలల చికిత్స. మొదటి రెండు నెలలు నాలుగు మందులు కలిసిన మాత్ర, ఆ తర్వాత నాలుగు నెలలు మూడు మందులు కలిసిన మాత్ర, నెలకు 28 రోజుల లెక్కన మొత్తం 168 డోసులు. యాభై అయిదు కిలోల మనిషి రోజుకు నాలుగు మాత్రలు వేసుకోవాలి. కడుపులో తిప్పడం, కీళ్ల నొప్పులు మొదలయ్యేదీ, రెండో నెల తిరిగేసరికి దగ్గు తగ్గి ఇక జబ్బు పోయిందనిపించేదీ ఈ మాత్రలతోనే కనుక, మానేయడానికి రోగికి కారణాలు కరువేమీ ఉండవు.

వేసుకున్నారో లేదో తెలుసుకునే ప్రయత్నం కొత్తది కాదు. 1956లో మద్రాసులో నెలకొల్పిన క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం, శానటోరియంలో (క్షయ రోగులను నెలల తరబడి ఉంచే ఆసుపత్రిలో) కాకుండా ఇంట్లోనే ఉండి మందు వాడినా నయమవుతుందని ప్రపంచానికి చూపింది. ఆ పరిశోధనలో సిబ్బంది చెప్పాపెట్టకుండా రోగుల ఇళ్లకు వెళ్లి మిగిలిన మందు లెక్కపెట్టేవారు, మూత్రం పరీక్షించేవారు. రోగి చెప్పిన మాటనే నమ్మి ఊరుకోకపోవడం, అలాగని రోగిని దోషిగా నిలబెట్టకపోవడం, ఈ రెండూ వారికి తెలుసు. తర్వాత వచ్చిన డాట్స్ పద్ధతిలో వారానికి మూడుసార్లు కార్యకర్త ఎదుటే మాత్రలు మింగించేవాళ్లం. 2017లో దేశమంతటా రోజువారీ మందు మొదలయ్యాక ప్రతి రోగినీ ప్రతిరోజూ కూర్చోబెట్టి మింగించడం ఆశా కార్యకర్తలకు సాధ్యపడలేదు. అక్కడే ఫోను ప్రవేశించింది.

మాత్రల పట్టీని ఒక అట్ట కవరులో పెట్టి ఇస్తారు. మాత్రను నొక్కి బయటికి తీస్తే వెనక దాగిన ఫోను నంబరు కనిపిస్తుంది, ఆ నంబరుకు రోగి తన ఫోను నుంచి ఉచితంగా కాల్ చేస్తే ఆ రోజు డోసు వేసుకున్నట్టు కంప్యూటరులో నమోదవుతుంది. ఆలోచన తెలివైనదే, కాదనను. కానీ మాత్ర తీసి పారేసినా కాల్ చేయవచ్చు, మింగినా కాల్ చేయకపోవచ్చు. మా దగ్గరికి వచ్చే ఒక పెద్దావిడ ఫోను పొద్దున్నే కొడుకు వెంట ఆటోలో వెళ్లిపోయేది. తెరమీద ఆమె పేరు ఎదుట వరుసగా డోసు తప్పినట్టే ఉండేది, మూత్రం మాత్రం రోజూ నారింజ రంగులో వచ్చేది. ఆ మాత్రలో ఉండే రిఫాంపిసిన్ అనే మందు వేసుకున్న కొన్ని గంటలకే ఆ రంగు వస్తుంది. ఆమెకు భిన్నంగా, నెల నెలా ఖాళీ పట్టీలు పొందిగ్గా రబ్బరు బ్యాండు చుట్టి తెచ్చి చూపిన ఒక మేస్త్రీ గారికి అయిదో నెలలో కఫం పరీక్ష మళ్లీ పాజిటివ్ వచ్చింది. చెన్నై, ముంబై వంటి నగరాల్లో ఈ ఫోను లెక్కను మూత్ర పరీక్షతో పోల్చి చూసిన పరిశోధకులు కూడా ఆ లెక్కను అంతగా నమ్మలేమనే తేల్చారు.

మూత్రం రంగైనా ఆ రోజు సంగతే చెబుతుంది. తనిఖీకి వస్తారని ముందే తెలిస్తే ఆ పొద్దున మాత్ర వేసుకునేవారు ఎందరో. కాబట్టి ఏ ఒక్క కొలతా చాలదు. అన్నిటికంటే చవకైన కొలత రోగిని అడగడమే అయినా, అడిగే తీరునుబట్టే జవాబు వస్తుంది. "మందులు సరిగ్గా వేసుకుంటున్నావా?" అని గద్దిస్తే ఎవరైనా తల ఊపుతారు. "పోయిన వారంలో ఎన్ని రోజులు కుదరలేదమ్మా?" అని అడిగితే పనికి వెళ్లిన రోజులూ, వాంతి అయిన రోజులూ, మొగుడు తాగివచ్చి గొడవ చేసిన రోజూ బయటికొస్తాయి. క్షయ రోగికి పోషకాహారం కోసం ప్రభుత్వం 2018 నుంచి నెలకు రూ.500, 2024 నవంబరు నుంచి రూ.1000 ఇస్తున్నారు. నిజం చెబితే ఆ డబ్బు ఆగిపోతుందేమోనన్న భయం రోగిలో ఉన్నంతకాలం ఏ కొలతా నిలబడదు.

ఇక నాకు మింగుడుపడని విషయం ఒకటుంది. 2024 మార్చిలో క్షయ మందుల సరఫరా ఆలస్యమవుతుందనీ, మూడు నెలలకు సరిపడా స్థానికంగా కొనుక్కోవాలనీ కేంద్రమే రాష్ట్రాలకు రాసింది. మందుకోసం వచ్చి వట్టి చేతులతో తిరిగి వెళ్లిన మనిషి డోసు తప్పినట్టు రాస్తే ఆ తప్పు ఎవరిది? నేను వాడిన చికిత్స కార్డుల్లో ఆ రోజుకూ, రోగి బద్ధకించిన రోజుకూ ఒకటే గుర్తు. రెండు తెలుగు రాష్ట్రాల క్షయ నియంత్రణ అధికారులు తప్పిన ప్రతి డోసు పక్కనా కారణం రాసే గడి ఒకటి పెట్టించి, అందులో "మందు లేదు" అన్న కారణానికీ చోటిచ్చి, ఆ వివరాలను జిల్లాలవారీగా మూడు నెలలకోసారి ప్రకటించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఫార్మసిస్టు,
ఖమ్మం జిల్లా